అందరూ చూస్తున్న గది

విశాఖలో ప్రతి పోలీస్ స్టేషన్ లాకప్పూ ఇంటింటి టీవీలో కనిపించాలని చట్టం వచ్చాక, లోపల ఎవరినీ కొట్టడం లేదు. అందుకే, ఏదో కొట్లాట కేసులో తమ్ముడు గౌరునాయుణ్ణి పట్టుకెళ్లినా పైడమ్మ పెద్దగా భయపడలేదు. వంట చేసుకుంటూ టీవీలో వాణ్ణి చూస్తూనే ఉంది.

ఉన్నట్టుండి గౌరునాయుడు గుండె పట్టుకుని గోడకు జారబడ్డాడు. చూస్తున్నవాళ్ల సంఖ్య తెర మూలన వేలల్లోకి పెరిగింది. లాకప్పు తలుపు మాత్రం తెరుచుకోలేదు. పైడమ్మ పొయ్యి ఆర్పి, పక్క వీధిలోని స్టేషన్‌కు పరుగెత్తింది.

"మా తమ్ముడికి బాగోనేదు బాబూ! తలుపు తియ్యండి!"

కానిస్టేబుల్ కంగారుగా తాళాలు అందుకున్నాడు. "ఊరంతా చూస్తోంది కదమ్మా! ఏదైనా అయితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారనుకున్నాం."

తలుపు తీసేసరికి గౌరునాయుడికి ఊపిరి లేదు.

అంత్యక్రియలయ్యాక పక్కింటావిడ వచ్చి పైడమ్మను పట్టుకుని ఏడ్చింది. "మొదట్నుంచీ సూస్తానే ఉన్నాం అప్పా. నువ్వు ఫోన్ సేసుంటావనుకున్నాం."

ఆవిడ వెళ్లాక పైడమ్మ టీవీ పెట్టింది. అదే గదిలో ఎవరో కొత్త మనిషి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ చేతిలో పట్టుకుని, అతను కదిలేదాకా ఆమె రెప్ప వేయలేదు.