సేనాని భార్య

"మళ్ళీ తీద్దాం."

దర్శకుడు గొంతు పెంచలేదు. లెనోర్‌ను అదే భయపెట్టింది.

కాలిఫోర్నియా ఎడారిలో వేసిన యెరూషలేము సెట్ అది. యుద్ధానికి వెళ్ళిన సేనాని ఇంటికి తిరిగొస్తాడు. బావి దగ్గర భార్య ఎదురవుతుంది. బైబిలు కాలపు ఆ ప్రేమకథకు ఆ సన్నివేశమే ప్రాణం.

పొద్దుటి నుంచీ భార్య వేషంలో లెనోర్ పరిగెత్తుకెళ్ళి అతని గుండెల మీద వాలుతూనే ఉంది. కన్నీళ్ళూ కారుతున్నాయి. అయినా ఎక్కడో అతకడం లేదు.

కడవలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళలో ఎవరో పెదవి చప్పరించారు.

"ఎవరది?" అంది లెనోర్.

"నేనేనమ్మాయ్."

గుంపులో నిలబడడానికి వచ్చిన ఆర్మీనియా ముసలామె. పేరు అరాక్సీ.

"నీకేం నచ్చలేదు?"

"మొగుడు యుద్ధం నుంచి వస్తే ఎవరూ అలా పరిగెత్తరు."

పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వారు. లెనోర్ ముఖం కందిపోయింది.

"ఈవిడను వెనక్కి పంపండి. కెమెరాకు కనబడకూడదు," అంది.

అరాక్సీ కడవ ఎత్తుకుని వెనక్కి వెళ్ళింది.

మధ్యాహ్నం లెనోర్‌కు తిండి సయించలేదు. ఇవాళ కుదరకపోతే వేషం ఇంకొకరికి పోతుందని అప్పటికే గుసగుసలు. ఆమె గుడారం వెనక నీడలోకి వెళ్ళింది. అక్కడ అరాక్సీ రొట్టె, జున్ను తింటోంది.

"పరిగెత్తకపోతే మరేం చేస్తారు?" నిలబడే అడిగింది.

"ముందు కూర్చో. పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేవు."

సగం రొట్టె తుంచి చేతిలో పెట్టింది. ఆ గొంతులో కోపం లేదు.

"మొదట అతని కాళ్ళు చూస్తావు, రెండూ వచ్చాయా అని. తర్వాత చేతులు. ముఖం ఆఖర్న. ముందే ముఖం చూశావా, ఇక నిలబడలేవు."

"ఆ తర్వాత?"

"నీళ్ళిస్తావు. తాగుతుంటే చూస్తూ ఉంటావు. ఏడుపుదేముంది, అతను నిద్రపోయాక ఏడవచ్చు."

మళ్ళీ కెమెరా తిరిగినప్పుడు లెనోర్ అలాగే చేసింది.

సన్నివేశం ముగిశాక దీపాలు పట్టుకున్నవాళ్ళు కూడా కదల్లేదు.

"ఎలా తోచింది నీకు?" అన్నాడు దర్శకుడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"ఏమో, అలా వచ్చేసింది," అంది లెనోర్. వెనక వరుస వైపు చూడలేదు.

ఆ మాట ఆమెను చాలా రోజులు తొలిచింది. సినిమా తయారయ్యాక, తొలి ఆటకు అరాక్సీని పక్కన కూర్చోబెట్టుకోవాలని కారు పంపింది.

కారులోంచి నల్ల బట్టలు కట్టుకున్న ఒకామె దిగింది.

"నేను సిరానూష్‌ని. అరాక్సీ చెల్లెలి కూతుర్ని. పెద్దమ్మ చలికాలంలో పోయిందండీ. మీరు పిలిచారని నేనొచ్చాను."

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బావి సన్నివేశం వచ్చేసరికి సిరానూష్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అది అయ్యేదాకా తీయలేదు.

దీపాలు వెలిగాయి.

"అదంతా మీ పెద్దమ్మ చెప్పిందే," అంది లెనోర్. ఆ మాట అన్నాక ఆమెకు కొంచెం ఊపిరాడింది. "మీ పెదనాన్న తిరిగొచ్చిన రోజు ఆవిడ అలాగే ఎదురెళ్ళి ఉంటుంది కదూ?"

సిరానూష్ తల అడ్డంగా ఊపింది.

"పెదనాన్న రాలేదండీ. పెళ్ళయిన ఏడాదే సైన్యంలోకి పట్టుకుపోయారు, మళ్ళీ కబురే లేదు. ఆయన వస్తే ఏం చేయాలో మాత్రం పెద్దమ్మ మాకు బతికినన్నాళ్ళూ చెబుతూనే ఉండేది."