సాయిబు వేషం

మా బిడ్డ అల్ఫియా సినిమాలో అసిస్టెంట్ డైరెక్టరయింది. సాయిబు వేషానికని నన్ను కుప్పం పిలిపించింది. ఆనందం పట్టలేక పండగ బట్టలేసుకొని, కళ్లకు సుర్మా పెట్టుకొని పోయినా.

డైరెక్టరు నా చేతికి బొమ్మ తుపాకి ఇచ్చినాడు. "తాతా, ఇంకొంచెం సుర్మా పూసుకో. జనం దడుసుకోవాల."

ఒళ్లు మండింది. "మదనపల్లెలో పట్టుగూళ్లు అమ్ముకునేవాణ్ణప్పా! నన్ను సూసి యాల దడుసుకోవాల?"

"పట్టుగూళ్లు అమ్మే సాయిబును టికెట్ కొని ఎవురు సూస్తారు తాతా?"

బిడ్డ పని పోతాదని, పండ్లు కొరుక్కుంటా తుపాకి పట్టుకొనే నిలబడినా.

అల్ఫియా కెమెరాకు అడ్డమొచ్చింది. తుపాకి లాక్కొని ఆయన కుర్చీలో పడేసింది. "సాయిబు వేషమంటే ఇదని నాకు చెప్పలేదు సార్. మా అబ్బాతో ఈ వేషం ఏపించను. పని మానేస్తాండా."

బస్సులో బిడ్డ ఏడుస్తానే ఉండాది. నేను పక్కసీటాయనకు చెప్తాండా: "ఈమె నా కూతురప్పా! సినిమా డైరెక్టరు!"