ఆది ప్యాంటు

“ఇదేంది సుభానన్నా? నా కొడుక్కు ప్యాంటు ఇచ్చినావా, నిక్కరు ఇచ్చినావా?”

మల్లీశ్వరి కొత్త డ్రెస్ ప్యాంటును కుట్టుమిషను మీద పడేసింది. వెనకాలే ఆమె కొడుకు అజయ్ కుమార్, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో సిగ్గుపడుతూ నిలబడ్డాడు. నంద్యాల ట్రాక్టర్ల షోరూములో వాడికి ఈ రోజే ఇంటర్వ్యూ. టక్ చేసుకుని రమ్మన్నారు. ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు బయలుదేరే వేళవుతోంది.

“రవ్వంత పొడుగుంది, అడుగు సర్దమంటే ఇంత పైకి కుట్టి పెడితివి. చీలమండలు కనపడతాండాయి. ఇట్లా పోతే ఉద్యోగమిస్తారా, నగి పంపిస్తారా?”

“నువ్వు పంపిన ఆది ప్రకారమే కుట్టినా మా.”

“అంటే నేను అబద్ధం చెప్తాండానా? కరెంటు లేకపోయినా పెట్టెంతా తడిమి, వీని పాత ప్యాంటు తీసి ఆదికి పంపిస్తి. నీ స్నేహితుడు, మా ఇంటాయన బతికుంటే నాకీ కర్మ ఎందుకు? వెల్డింగు షాపు మూసి నేరుగా నీ కాడికే వస్తాండె. ఆయన పోతానే మాకు చేసే పని ఇట్లయిపాయనా?”

అంగట్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. సుభాన్ పక్కనున్న సంచిలోంచి ఆది ప్యాంటు తీసి వెలుతురుకు పట్టాడు. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. గుండీలు కుడుతున్న అతని భార్య మెహజబీన్ తొంగిచూసి, “అదేందీ, ఆ ప్యాంటు...” అనబోయింది.

“నీ పని నువ్వు చూసుకో,” అని గదిమి, ఆదిని గబుక్కున మడిచేశాడు. “నాదే తప్పు మా. టేపు సరిగ్గా పెట్టలే. కండ్లు మసకలు కమ్ముతాండాయి.”

“ఆ మాట ముందే అంటే ఏం పోతాండె?” మల్లీశ్వరి కొత్త ప్యాంటు అడుగు తిప్పి చూసింది. “మిగిలిన గుడ్డ కోసి పారేసినావా ఏంది?”

“కొత్త ప్యాంటు అడుగు నేను కోయను మా. లోపలికి మడిచే కుడతా. భయపడొద్దు.”

బ్లేడుతో కుట్లు విప్పాడు. అజయ్ కాలికి టేపు పెట్టి చూసి, మడత దించి మళ్లీ కుట్టాడు. పాత మడత గీత పోయేదాకా తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె తిప్పాడు. అజయ్ తెర వెనక తొడుక్కుని వచ్చేసరికి ప్యాంటు బూట్ల మీద చక్కగా ఆనింది.

“పెండ్లికొడుకు మాదిరుండావప్పా!” అంది మెహజబీన్.

సుభాన్ వాడిని కిందినుంచి పైదాకా చూశాడు. “మీ నాయన గురవయ్య కంటే పొడుగైపోయినావు రా అబ్బీ. వాడుండి చూడాల్సింది.”

ఆది ప్యాంటును పేపర్లో చుట్టి మల్లీశ్వరి చేతిలో పెట్టాడు. “దీన్ని మల్లా ఎవరికీ ఇయ్యొద్దు మా. పదిలంగా దాచుకో.”

“పాత ప్యాంటుకు ఇంత మర్యాదనా!” అంది, అప్పటికి కోపం కరిగి.

పరుగున వెళ్లి బస్సు అందుకున్నారు. “దిగుతానే ఫోన్ చెయ్ నాయనా,” అని కిటికీ దగ్గర పదేపదే చెప్పింది. బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయినా ఆమె చెయ్యి దించలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది. “అమ్మా, ఒకటో తేదీ నుంచి పనిలోకి రమ్మన్నారు!”

మల్లీశ్వరి దేవుడి పటానికి దండం పెట్టుకుంది. ఆ వెంటనే సుభాన్ గుర్తొచ్చాడు. పాపం, కండ్లు కనపడకున్నా బస్సు వేళకు పని ముగించాడు. అంతమందిలో తను అన్ని మాటలన్నా పల్లెత్తు మాట అనలేదు. పొద్దున్నే మిఠాయి తీసుకుపోయి, ఏమనుకోవద్దన్నా అని చెప్పాలి.

అనుకుంటూనే ఆది ప్యాంటును పెట్టెలో పెడదామని పేపరు విప్పింది.

మోకాలి దగ్గర వెల్డింగు నిప్పురవ్వ కాల్చిన చిల్లు, దాన్ని దారంతో కనీకనపడకుండా పూడ్చిన సుభాన్ చేతి కుట్టు: అది గురవయ్య ప్యాంటు.