కంపెనీ ముఖం

మరునాడు ఉదయం ఏడు గంటలకు ముహూర్తం. అంతలోపల మద్రాసు మనిషి రాకుంటే విగ్రహం దక్కినట్టే.

బంగారు సూదితో కళ్ళు తెరిచేదాకా రాయి రాయే. తెరిచాక దేవుడు. దేవుడి ముఖం మీద ఉలి పెట్టడానికి ఆళ్లగడ్డలో ఏ శిల్పీ ఒప్పుకోడు, ఎన్ని దావాలు వేసినా సరే. విశ్వేశ్వరయ్య శెట్టి ధైర్యమంతా ఆ సూదిమొన మీదే నిలబడి ఉంది.

ఆయనకు నంద్యాలలో సినిమాహాలు ఎదురుగా కొబ్బరికాయల అంగడి. యాభై ఎనిమిదిలో ఆ హాల్లోకి విష్ణుమూర్తి సినిమా ఒకటి వచ్చింది. జనం లోపలికి పోయేముందు గోడ మీది పోస్టరుకు కాయ కొట్టి పోయేవాళ్ళు. శెట్టి సినిమా చూడలేదు. జనాన్ని చూశాడు. నలభై రోజులకు పోస్టరు కొబ్బరినీళ్ళకు నాని చిరిగింది. కొత్తది అంటించారు. కాయలు ఆగలేదు.

కాగితానికే ఇన్ని కాయలు పడితే రాతికి ఎన్ని పడతాయి?

అంగడి పక్కన ఖాళీ జాగాలో అరుగు కట్టించాడు. ఆళ్లగడ్డ పోయి శిల్పి సంజీవయ్యకు పని అప్పగించాడు.

"చేతులు, కాళ్ళు నీ ఇష్టం. మొగం మాత్రం సినిమాలోదే ఉండల్ల."

సంజీవయ్య నంద్యాల వచ్చి, తొమ్మిది రోజులు నేల టికెట్టు కొనుక్కుని ఆ ముఖం చూశాడు. తర్వాత మూడు నెలలు చెక్కాడు.

సంగతి ఎవరు చేరవేశారో, సినిమా కంపెనీ నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఆ వేషం, ఆ కిరీటం, ఆ రూపం కాపీరైటు ప్రకారం కంపెనీ సొత్తు. బొమ్మ గీసినా, అచ్చు వేసినా, రాతిలో చెక్కినా దావా తప్పదు. మా మనిషి వచ్చి చూస్తాడు.

మద్రాసు కోర్టు మెట్లెక్కితే లాభం లాయరుకే అని శెట్టికి తెలుసు. ముహూర్తం ముందుకు జరపమని సంజీవయ్యను బతిమాలాడు.

"నీ కాయ ఎప్పుడు కొట్టినా పగులుతాది శెట్టీ. కన్ను అట్ల గాదు," అన్నాడు సంజీవయ్య.

ఆ మనిషి సరిగ్గా ముందురోజు పొద్దున ఆళ్లగడ్డలో కడప బస్సు దిగి, శెట్టీ సంజీవయ్యా ఉన్న శిల్పశాలకు వచ్చాడు. బట్టతల, కళ్ళద్దాలు, లోపలికి పోయిన బుగ్గలు, మాసిన కోటు. విగ్రహాన్ని ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"విగ్రహం మీరే ఉంచుకోండి. ముఖం ఒక్కటి తీసెయ్యాలి."

"ఏందప్పా, మీ మద్రాసులో మొగాలు గూడా రిజిస్టరు చేస్తారా? నా మొగం ఇంగా ఖాళీగానే ఉంది, కావల్నా?" అన్నాడు శెట్టి.

ఆ మనిషి నవ్వలేదు. "రెండో భాగం తీస్తున్నారండీ. విష్ణువు వేషం కొత్తాయనకి ఇచ్చారు. పాత ముఖం జనం మనసులో ఉంటే కొత్త ముఖం నిలవదని కంపెనీ భయం. పోస్టర్లు, క్యాలెండర్లు అన్నీ తీయించేస్తున్నాం."

"ఆ పాతాయప్పకు ఈ సంగతి తెల్సా?"

"తెలుసు."

"తెల్సీ ఊరికుండాడా? పౌరుషం లేదా ఆయప్పకు?"

"అయిదేళ్ళ అగ్రిమెంటండీ. కంపెనీ ఏది చెబితే అది."

శెట్టి ఇంకో దారి పట్టాడు. "ఇను నాయనా. దోవ ఖర్చు నాది, భోజనం నాది. ఈ దినం ఎవురి అరుగు మీదన్నా పండుకో. రేప్పొద్దున ఏడు దాటినాక రా. నువ్వొచ్చేసరికి కన్ను తెరిచేసినారని రాసెయ్. నీకేం పోతాది?"

"జీతం పోతుందండీ. ముఖం పోయేదాకా దగ్గరుండి చూశానని రాసి సంతకం పెట్టాలి. నా మీద ఆరుగురు బతుకుతున్నారు."

శెట్టి జీవితంలో తూచని సరుకు లేదు. ఒక పక్క మూడు నెలల పని, రాబోయే కాయలు. ఇంకో పక్క ఆరుగురి కూడు. తనకు నష్టమైనా తక్కెడ మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది.

"కానియ్ సంజీవయ్యా," అన్నాడు.

సంజీవయ్య ఉలి తీసుకుని ఆ మనిషిని దగ్గరికి పిలిచాడు. "యాడ యాడ చెక్కల్నో నువ్వే చూపించప్పా."

ఆ మనిషి వేలితో చూపించాడు. ఈ పెదవి మూల. ఈ గడ్డం నొక్కు. ముక్కు కొన. కంపెనీ ఇచ్చిన ఫోటో సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

సంజీవయ్య ఒక పెచ్చు ఊడగొట్టి ఆగాడు. ఇంకో పెచ్చు తీసి ఆగాడు. గంటలో తెమిలే పని మధ్యాహ్నం దాటింది. శిల్పి భార్య బాలమ్మ మజ్జిగ తెచ్చింది.

"కూచోరాదా నాయనా, ఎంతసేపు నిలబడతావు? మీ మద్రాసులో తిండి పెట్టరా ఏంది, ఎముకలు లెక్కబెట్టేట్టు ఉండావు."

ఆ మనిషి కూర్చోలేదు. మజ్జిగ ముట్టలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పొద్దు వాలేవేళకు రాతి మీద ఎవరిదీ కాని ముఖం మిగిలింది. ఆ మనిషి కాగితం రాసి సంతకం పెట్టాడు. కోటు మీద పడ్డ రాతిపొడి దులుపుకోకుండానే బస్సెక్కాడు.

శెట్టికి కోపమొచ్చింది.

"చేసేది పాపమే. బేగ చేసేసింటే పోయేది గదా? ఒగ మొగం చెడగొట్టేకి దినమంతా కావల్నా నీకు? తొమ్మిది దినాలు చూసి చెక్కినోడివి, చెయ్యి మర్చిపోతివా ఏంది?"

సంజీవయ్య ఉలి కింద పెట్టాడు.

"ఆ మొగం ఎవురిదో ఆయప్పే ఎదురుగా నిలబడి చూస్తాంటే, నాకు చెయ్యెట్ల ఆడుతాది శెట్టీ?"