వీపు మీది కత్తి

సేనాపతిగారు స్పాంజి కత్తిని వీపుకి తగిలించుకుని అద్దం ముందు నిలబడ్డారు. కుడిచెయ్యి భుజం మీదుగా వెనక్కి వెళ్లింది. పిడి దొరకలేదు. రెండోసారి చెవి దొరికింది.

"జేబులోంచి తాళంచెవి తీయడానికే పావుగంట పడుతుంది మీకు. ఎందుకొచ్చిన కత్తులండీ?" అంది భార్య బట్టలు మడతపెడుతూ.

"జేబు కుట్టినవాడికి బుద్ధి లేకపోతే నేనేం చేయను?" అన్నారాయన.

ఆదివారాలు ఊరి చివర మైదానంలో వేషాలు కట్టి యుద్ధాలు ఆడుకునే బృందానికి ఆయన నాయకుడు. కత్తులన్నీ మెత్తటి స్పాంజి. ఎవరికీ దెబ్బ తగలదు, అహానికి తప్ప. ఆట చివర ఇద్దరి మధ్య పోటీ. ఈల వేసేదాకా కత్తి ముట్టుకోకూడదు. ముందు దూసి ఎదుటివాడిని తాకినవాడిదే ఎర్ర శాలువా. అది ఇంతవరకు ఆయన భుజం దిగలేదు. ఇవాళ కూడా గెలిస్తే ఇక శాశ్వతంగా ఆయనదే. దానికోసం ముందుగదిలో అద్దాల బీరువా ఖాళీ చేయించి పెట్టుకున్నారు.

గెలుపంతా కత్తిని మోయడంలోనే ఉందని ఆయన సిద్ధాంతం. నడుముకి తోలు రింగులో వేలాడదీయడం పిల్లల పద్ధతి. పైఅంగీ కింద అయస్కాంతంతో అతికించడం మధ్యరకం. వీపు మీద పట్టీలో మోయడం మహావీరుల పద్ధతి. విరామంలో టీ తాగుతూ కూడా ఇదే చెబుతారు. కప్పులు చల్లారిపోతున్నా మిగతావాళ్లు తలలూపుతూ వింటారు.

పోటీలో మాత్రం వాళ్ల ఖర్మేమిటో, ఒకడి కత్తి రింగులో ఇరుక్కుంటుంది. ఇంకొకడిది అయస్కాంతాన్ని వదలదు. వాళ్లు తంటాలు పడుతుండగా సేనాపతిగారు తాపీగా పిడి వెతుక్కుని, దూసి, తాకించి, "ఆడలేక మద్దెల ఓడనకండి. సాధన చేయండి," అంటారు. అందరూ చప్పట్లు కొడతారు.

అందరికన్నా అధ్వాన్నం, పిచ్చుక అని పిలిచే సన్నటి అమ్మాయి. ఆమె కత్తి ఎప్పుడూ సగందాకా వచ్చి ఆగిపోతుంది.

"నీకిది ఈ జన్మకు అబ్బదమ్మా. పోనీ, జెండా మోయి," అన్నారాయన పోయినవారం అందరి ముందూ. ఆమె నవ్వింది.

ఇవాళ్టి పోటీకి ఆయన ఏరికోరి ఆమెనే పిలిచారు. శాలువా విషయంలో సాహసాలు ఆయనకు ఇష్టం లేదు.

ఈల మోగింది. ఆయన చెయ్యి భుజం మీదుగా వెళ్లింది. చెవి దొరికింది. పిడి దొరికేలోపు ఛాతీకి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూస్తే పిచ్చుక కత్తి మొన.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఈల వేసినవాడు దాన్ని నోట్లోంచి తీయడం మరిచిపోయాడు. మిగతావాళ్లు ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటున్నారు.

"పట్టీ బిగుసుకుంది," అన్నారు సేనాపతిగారు. "ఈల మళ్లీ వెయ్యి."

మళ్లీ వేశాడు. మళ్లీ అదే చోట తగిలింది.

పిచ్చుక ఆయన భుజం మీంచి శాలువా తీసుకుని, దులిపి, కప్పుకుంది. "పోనీ, జెండా మీరు మోయండి," అంది మెల్లగా.

ఆ మైదానంలో ఉన్నవాళ్లందరిలో, మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్లి ఆయనకు నమస్కారం పెట్టక్కర్లేనిది, శనివారమే ఉద్యోగం మానేసిన పిచ్చుక ఒక్కతే.