వెనక్కి, ఇంకాస్త వెనక్కి

"ఈ రాత్రికి పార్కులో మీరొక్కరే అమ్మా. ఏటి ఒడ్డున ఆపుకుంటే బండిని ఆ తెల్లరాయి దాటనివ్వకండి. అవతల లోయే," అని చెప్పి కాపలాదారు ఇంటికి వెళ్లిపోయాడు.

వంటిల్లూ మంచమూ ఉన్న ఆ పొడవాటి బండిని డార్లీన్ ఏటి వైపు వెనక్కి పోనిచ్చింది. ఇలాంటి బళ్లు ఆపుకునే ఏ పార్కుకెళ్లినా వెనక నిలబడి టార్చితో దారి చూపేది ఆమె భర్త వెర్న్.

"నీకు కుడీ ఎడమా తెలిసి చస్తే కదా!" అని ఆమె నలుగురిలో ఆయన మీద అరిచేది.

"ఒక్కసారి నా మాట విని చూడవే," అని నవ్వేవాడు. ఆయన పోయి ఏడాదైంది.

కీచురాళ్లు ఆగిపోయాయి. వెనక చూసే అద్దంలో టార్చి వెలిగింది. రా, రా అన్నట్టు మెల్లగా ఊగింది, అచ్చం ఆయన ఊపినట్టే.

వెనక చక్రానికి తెల్లరాయి తగలగానే ఆమె బ్రేకు తొక్కింది. వెలుగు ఇంకా పిలుస్తూనే ఉంది.

"ఈసారి వింటాను వెర్న్," అంటూ ఆమె బ్రేకు మీంచి కాలు తీసింది.