అమ్మమ్మ ఎదుట

"పాపను ఎవరికైనా పెంపకానికి ఇప్పించండమ్మా," అంది అమ్మమ్మ, కుర్చీలో కూర్చోకుండానే.

తల్లిదండ్రులు లేని పిల్లలు చుట్టాల ఇళ్ళలోనే పెరగాలని నడుపుతున్న సంస్థ అది. అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. జీతం లేని పనైనా పట్టు వదలని మనిషి.

"కూతురు పోయింది, అల్లుడు జైలుకెళ్ళాడు. ఇక మీరూ వదిలేస్తే ఆ పిల్ల ఏమైపోవాలి? మీ రక్తం కదా!"

"వాడి రక్తం కూడానమ్మా. ముఖం అచ్చు వాడిదే. అది నవ్విందంటే నా కూతుర్ని పొడిచినవాడే నా ఎదురుగా నిలబడి నవ్వినట్టుంటుంది. నిన్న చెయ్యెత్తాను. ఎలాగో ఆపుకున్నాను. రేపు ఆపుకుంటానన్న నమ్మకం లేదు."

"చిన్నపిల్ల, దానికేం తెలుసు? ఉండండి, దాన్నే పిలిచి అడుగుదాం."

అధ్యక్షురాలు విసురుగా లేచి తలుపు తీసింది. వరండాలో కమిటీ సభ్యుడైన మందుల షాపాయన చెవులు పట్టుకుని కప్పగంతులు వేస్తున్నాడు. ఆరేళ్ళ పాప పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వుతోంది. తలుపు చప్పుడుకి తిరిగి చూసింది. వెనకాల అమ్మమ్మ కనిపించగానే రెండు చేతులతో నోరు గట్టిగా మూసేసుకుంది. అలా మూసుకోవడం ఆ పిల్లకు అలవాటైపోయినట్టుంది.

అధ్యక్షురాలు తలుపు మెల్లగా దగ్గరకు వేసింది. పాపను అడగాలనుకున్నదేదీ ఇక అడగాలనిపించలేదు.

"మీ ఇంటికి దగ్గర్లోనే మంచి కుటుంబాన్ని వెతుకుతాను. వారం వారం వెళ్ళి చూసి రావచ్చు," అంది.

అమ్మమ్మ మూసిన తలుపు వైపు చూసింది.

"వద్దమ్మా. నన్ను చూస్తే మళ్ళీ నోరు మూసుకుంటుంది. కాస్త దూరంగా ఉన్న కుటుంబాన్నే చూడండి."